హోల్డెన్ రాసిన రెండు వ్యాసాలు

పోయిన నెల పుస్తకాల మిత్రులం కొందరం కలిసినప్పుడు జె.డి. శాలింజర్ నవల 'ది క్యాచర్ ఇన్ ది రై' గురించి మాట్లాడుకున్నాం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చదివినవాళ్ళే కాబట్టి కథ చెప్పుకునే పని లేకుండా నేరుగా దాన్ని మనకి చెప్పే పదహారేళ్ళ కుర్రవాడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్ మీదకే వెళ్ళాం. ఎదిగిన ఇద్దరు మగపిల్లల తండ్రి ఒకాయన మొదట్లోనే తేల్చేశారు. "తండ్రి పెద్ద లాయరు. జేబులో డబ్బు. నాలుగో స్కూలు కూడా బయటికి పంపించేసింది. ఇంటికి పోకుండా హోటల్లో దిగి, సిగరెట్లు కాల్చుకుంటూ, కనపడ్డ ప్రతి మనిషినీ ఫోనీ, ఉత్త నాటకం అంటాడు. అసలు వీడికొచ్చిన కష్టమేంటండీ? మా రోజుల్లో అయితే రెండు తగిలించేవాళ్ళు, దారికొచ్చేవాడు." డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె దీనికి గట్టిగా అడ్డుపడింది. హోల్డెన్ పెద్దవాళ్ళ నాటకాన్ని బయటపెట్టినవాడని, అందుకే వాళ్ళకి మింగుడుపడడని ఆమె వాదన.

1951 జులైలో ఈ నవల వచ్చినప్పటి నుంచీ జనం ఈ రెండు గట్ల మీదే నిలబడి మాట్లాడుతున్నారు. ఒక గట్టు మీద బడులూ తల్లిదండ్రుల సంఘాలూ ఉంటాయి. 1960లో అమెరికాలోని టల్సాలో దీన్ని క్లాసులో చదివించినందుకు ఒక టీచరు ఉద్యోగం మీదకే వచ్చింది. ఇంకో గట్టు మీద, హోల్డెన్‌ని తమ జెండాగా పట్టుకున్న తరాల కుర్రకారు. నాకు రెండు గట్లూ నచ్చవు. చెడిపోయిన పిల్లవాడనేవాళ్ళూ, ఎదిరించినవాడనేవాళ్ళూ హోల్డెన్ మాట్లాడే మాటలనే పట్టుకుంటారు. అతను చాలా మాట్లాడతాడు, అబద్ధాలాడతాడు, చెప్పిన మాట వెంటనే కాదంటాడు. ఆ మాటల హోరులో అతను రాసిన రాత మీద మన దృష్టి నిలవదు.

నవలలో హోల్డెన్ రాసిన వ్యాసాలు రెండున్నాయి. ఒకటి పరీక్ష పేపరు, రెండోది వేరేవాడి కోసం రాసిపెట్టిన కాంపోజిషన్. రెండూ మొదటి కొన్ని అధ్యాయాల్లోనే వచ్చి పోతాయి. రెండూ చనిపోయినవాళ్ళ గురించే. రెండింటినీ చదివినవాళ్ళు బాగాలేదని పక్కకి నెట్టారు. నవల అంతా ఆ రెండు కాగితాల్లోనే ఉందని నేను నమ్ముతున్నాను.

ఈజిప్టు పేపరు

పెన్సీ స్కూల్లో హోల్డెన్ అయిదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పాడు. వెళ్ళిపోయే ముందు హిస్టరీ మాస్టారు స్పెన్సర్‌ని చూడ్డానికి వెళ్తాడు. ముసలాయన ఫ్లూతో పడుకుని ఉంటాడు, గదంతా మందుల వాసన. కుర్రవాడి మీద ప్రేమ ఉన్నవాడే. ఆ ప్రేమతోనే, నిన్నెందుకు ఫెయిల్ చేశానో నువ్వే విను అన్నట్టుగా, అతని పరీక్ష పేపరు తీసి పైకి చదువుతాడు. ప్రాచీన ఈజిప్టు గురించి దాదాపు నెల రోజులు పాఠం చెప్పాడాయన. హోల్డెన్ రాసింది నాలుగు ముక్కలు. అందులో మొదటి ముక్క ఎవరైనా రాసేదే, ఈజిప్టువాళ్ళు ఎక్కడ ఉండేవారన్నది. ఆ తర్వాత ఒక్క సంగతి దగ్గర ఆగిపోయాడు: చనిపోయినవాళ్ళ ముఖాలు వందల ఏళ్ళు పాడవకుండా ఉండేలా వాళ్ళు ఏ మందులు పెట్టి చుట్టేవారో ఇప్పటి సైన్సుకి కూడా తెలియదు, తెలిస్తే బావుంటుంది. అంతే. కింద మాస్టారికి ఒక చిన్న ఉత్తరం, నన్ను ఫెయిల్ చేసినా ఫర్వాలేదని.

పేపర్లు దిద్దడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకొకటి రాసే పిల్లల్ని ఏటా చూస్తాను. ఏమీ చదవనివాడి పేపరుకి ఒక తీరుంటుంది. ప్రశ్ననే తిప్పి తిప్పి రాస్తాడు, అక్షరాలు పెద్దవి చేస్తాడు, పేజీ నింపుతాడు. హోల్డెన్ పేపరు ఆ తీరుది కాదు. నెల రోజుల పాఠంలో ఒకే ఒక్క సంగతి అతని చెవిలో పడింది, అదే రాశాడు. ఫరోలూ పిరమిడ్లూ నైలు నదీ ఏవీ పడలేదు. చచ్చిపోయినవాళ్ళ ముఖం చెడిపోకుండా ఉంచే ఉపాయం ఒక్కటే పడింది. పదమూడేళ్ళప్పుడు తనకంటే రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు అల్లీ లుకేమియాతో చనిపోయిన కుర్రవాడు రాసిన పేపరు అది. తేదీతో సహా చెబుతాడు, 1946 జులై 18 అని. నవలలో అంత కచ్చితంగా చెప్పే తేదీలు మరి లేవు.

స్పెన్సర్‌కి ఆ సంగతి తెలుసో లేదో శాలింజర్ చెప్పలేదు. తెలియకపోయి ఉండొచ్చు. కానీ ఆ గదిలో జరిగింది చూడండి. కుర్రవాడి మనసులో ఉన్న ఒకే ఒక్క మాట ఆ కాగితం మీద ఉంది. దాన్ని మాస్టారు వాడి మొహం మీదే, వాడి అజ్ఞానానికి రుజువుగా చదివి వినిపిస్తున్నాడు. హోల్డెన్ ఆ చదవడాన్ని ఎప్పటికీ క్షమించలేనంటాడు. దాన్ని పొగరుగా తీసుకునేవాళ్ళు చాలామంది. నాకైతే అది చాలా సహజమైన కోపం.

ఇక్కడితో ఈ పేపరు కథ అయిపోదు. దాదాపు చివర, చెల్లెలు ఫీబీ కోసం మ్యూజియంలో ఎదురుచూస్తున్నప్పుడు ఇద్దరు చిన్నపిల్లలు వచ్చి మమ్మీలెక్కడున్నాయని అడుగుతారు. వాళ్ళు అన్నదమ్ములు. ఒకడు మాట్లాడతాడు, రెండోవాడు నోరు విప్పడు. హోల్డెన్ వాళ్ళని తీసుకెళ్తూ, శవాల ముఖాలకి గుడ్డలు చుట్టడం, ఆ రహస్యపు మందు, వేల ఏళ్ళయినా ముఖం చెడిపోకపోవడం, అంతా శ్రద్ధగా వివరించి చెబుతాడు. ఎఫ్ వచ్చిన జవాబునే మళ్ళీ ఒప్పజెబుతున్నాడు, ఈసారి అది వినాలనుకున్న ఇద్దరు అన్నదమ్ములకి. పిల్లలు భయపడి పారిపోతారు. అతను ఆ సమాధి గదిలో ఒంటరిగా నిలబడి, ఇక్కడ ప్రశాంతంగా ఉందనుకుంటాడు. అంతలో అక్కడ కూడా గోడ మీద బూతు మాట కనిపిస్తుంది. శాలింజర్ ఇది కాకతాళీయంగా రాశాడని నేను అనుకోలేను.

గ్లవ్ గురించి రాసిన కాంపోజిషన్

రెండో వ్యాసం గురించి అందరికీ గుర్తుంటుంది కానీ దానికి ఏం జరిగిందో చాలామందికి గుర్తుండదు. రూమ్మేట్ స్ట్రాడ్‌లేటర్, హోల్డెన్‌కి తెలిసిన జేన్ అనే అమ్మాయితో డేట్‌కి వెళ్తూ తన బదులు కాంపోజిషన్ రాసిపెట్టమంటాడు. ఏదైనా గదినో ఇంటినో వర్ణించాలి. హోల్డెన్‌కి వర్ణించదగ్గ గదేదీ తట్టదు. అల్లీ బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. ఎడంచేతి వాటం ఆటగాడి గ్లవ్ అది. మైదానంలో బంతి రాని సమయంలో చదువుకోడానికి అల్లీ దాని మీద ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఆ గ్లవ్ హోల్డెన్ పెట్టెలోనే ఉంది. నాలుగు స్కూళ్ళు మారిన కుర్రవాడు మధ్యలో ఏవేవో పోగొట్టుకున్నాడు. ఫెన్సింగ్ టీమ్ కత్తుల్ని సబ్‌వేలో మరిచిపోయి వచ్చిందీ వీడే. కానీ ఆ గ్లవ్‌ని మాత్రం పోనివ్వలేదు.

తిరిగొచ్చిన స్ట్రాడ్‌లేటర్ కాగితం చూసి, గది గురించి రాయమంటే గ్లవ్ గురించి రాశావేంటి, నువ్వు ఏదీ చెప్పినట్టు చెయ్యవు, అందుకే నిన్ను పంపించేస్తున్నారని తిడతాడు. హోల్డెన్ కాగితం లాక్కుని ముక్కలు చేస్తాడు. ఆ తర్వాతే జేన్ విషయంలో కొట్లాట. కొట్లాట జేన్ కోసమేనని మనం చదువుకుంటాం, హోల్డెన్ కూడా అలాగే అనుకుంటాడు. నిజమే, జేన్ మీద అతనికి ప్రేమ ఉంది. అయితే జేన్ ఎవరు? ఇంటివాళ్ళు కాకుండా అల్లీ గ్లవ్ చూసిన ఒకే ఒక్క మనిషి. అల్లీని ఆమె ఎప్పుడూ చూడలేదు, అయినా అతను చెప్పుకుంటే విన్నది. ఆ సాయంత్రం స్ట్రాడ్‌లేటర్ కాగితాన్ని కొట్టిపారేశాడు, అది అర్థమైన మనిషిని కారులో తిప్పి వచ్చాడు. ఈ రెండూ కలిసి అతని పిడికిలి బిగుసుకుంది. కానీ ఆ కుడిచెయ్యి సరిగ్గా బిగుసుకోదు. అల్లీ పోయిన రాత్రి గ్యారేజీలో పడుకుని, అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టి విరగ్గొట్టుకున్న చెయ్యి అది. ఆ చేతికి కట్టు కట్టించుకుంటూ ఆసుపత్రిలో ఉండగానే తమ్ముడి అంత్యక్రియలు అయిపోయాయి.

అంటే తమ్ముణ్ణి సాగనంపడం అతనికి దక్కలేదు. నాకు ఈ నవలలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. శాలింజర్ దీన్ని మాటల మధ్యలో, ఎక్కడో చివర్లో, అత్తయ్యల గురించీ చుట్టాల గురించీ విసుక్కుంటూ చెప్పిస్తాడు. శవాన్ని చూసి ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని పదేపదే అన్న ఒకావిడ గురించి అన్నయ్య డి.బి. తనకి చెప్పాడట. తను మాత్రం అక్కడ లేడు.

పెన్సీలో హోల్డెన్ ఉన్న హాస్టల్ విభాగానికి ఆసెన్‌బర్గర్ అనే దాత పేరు పెట్టారు. ఆయన సంపాదన చవకగా అంత్యక్రియలు చేయించే వ్యాపారంలో వచ్చింది. హోల్డెన్ అతన్ని ఎంత కసిగా వెక్కిరిస్తాడో గుర్తు తెచ్చుకోండి: శవాల్ని గోతాల్లో కుక్కి నదిలో పారేస్తాడేమో అంటాడు. ఎదిరించే కుర్రవాడి వెటకారంగా చదివితే అది చమత్కారం. తమ్ముడి అంత్యక్రియలు చూడలేకపోయిన అన్న మాటగా చదివితే నవ్వు రాదు.

పేరెత్తని ఇల్లు

నవల మొత్తంలో హోల్డెన్ కాకుండా అల్లీ పేరు అతని ఎదుట పలికే మనిషి ఒక్కతే, పదేళ్ళ ఫీబీ. నీకు నచ్చినది ఒక్కటి చెప్పు అని ఆమె నిలదీస్తే అతను అల్లీ అంటాడు. అల్లీ చచ్చిపోయాడు కదా, నువ్వెప్పుడూ అదే అంటావు అంటుంది ఆ పిల్ల. చనిపోయినంత మాత్రాన ఇష్టం పోతుందా అని అతను కోప్పడతాడు. తల్లి ఆ రాత్రి గదిలోకి వస్తుంది, సిగరెట్ వాసన గురించి ఫీబీని అడుగుతుంది, తలనొప్పిగా ఉందంటుంది, వెళ్ళిపోతుంది. కొడుకు పోయిన దుఃఖం నుంచి ఆమె ఇంకా తేరుకోలేదని హోల్డెన్‌కి తెలుసు. రాత్రంతా మేలుకుని సిగరెట్లు కాలుస్తుందనీ తెలుసు. తల్లీ కొడుకూ ఒకే మనిషి కోసం నిద్రపోవడం లేదు, వేర్వేరు గదుల్లో. ఆ రాత్రి అతను తల్లికి కనపడకుండా అల్మరాలో దాక్కున్నాడు.

ఇలాంటి ఇల్లు నాకు తెలుసు. మా దగ్గరి చుట్టాల్లో తొమ్మిదో తరగతి చదివే చిన్నబ్బాయి మెదడువాపు వచ్చి మూడు రోజుల్లో పోయాడు. పెద్దవాడు అప్పుడు ఇంటర్ ఫస్టియర్, రెసిడెన్షియల్ కాలేజీలో ఉండేవాడు. పెద్దకర్మ రోజున వచ్చినవాళ్ళందరూ వాడి భుజం మీద చెయ్యి వేసి ఒకటే మాట చెప్పారు. "అమ్మకి ఇక నువ్వే ధైర్యం నాన్నా. నువ్వు ఏడిస్తే అమ్మ తట్టుకోలేదు." వాడు తలూపాడు. సిలబస్ వెనకబడుతుందని ఆ వారంలోనే హాస్టల్‌కి పంపేశారు. ఇంట్లో చిన్నవాడి సైకిలు ఎవరికో ఇచ్చేశారు, బ్యాటు అటకెక్కింది. వదిన ముందు వాడి పేరెత్తవద్దని అందరికీ అందరూ చెప్పుకున్నారు.

కొన్ని నెలలకి కాలేజీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వీకెండ్ టెస్టుల్లో మార్కులు పడిపోయాయి, స్టడీ అవర్స్‌లో పడుకుంటున్నాడు, వార్డెన్‌కి ఎదురు చెప్పాడు, ఒక కుర్రాణ్ణి కొట్టాడు. అన్నయ్య టెన్షన్‌తో పరిగెత్తాడు. కౌన్సెలింగ్ అని పేరు పెట్టి వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడింది ర్యాంకు గురించే. ఇంటికి తీసుకొస్తే ఒక్కొక్కరే వచ్చి అడిగారు, నీకేం తక్కువ చేశాం అని. ఆ ఇంట్లో మతిమరుపు వచ్చిన నాయనమ్మ ఉంది. ఆవిడకి చిన్నవాడు పోయిన సంగతి నిలవదు. "చిన్నాడు బడి నుంచి రాలేదేంట్రా ఇంకా?" అనేది. అందరూ ఆవిడ నోరు మూయించేవారు. పెద్దవాడు మాత్రం ఆ సెలవుల్లో ఎక్కువసేపు ఆవిడ మంచం దగ్గరే కూర్చునేవాడు. "నాయనమ్మ దగ్గర బాగుంటుంది అత్తా" అన్నాడు నాతో ఒకసారి. ఇంకేం చెప్పలేదు.

ఆ ఇంట్లో చెడ్డవాళ్ళు లేరు. చెప్పిన ప్రతి మాటా ప్రేమతో చెప్పిందే. హోల్డెన్‌కి దొరికిన సలహాలు కూడా అలాంటివే. జీవితం ఒక ఆట, నియమాల ప్రకారం ఆడాలి అంటారు ఒకరు. నువ్వు పడిపోబోతున్నావు, చదువుకుంటే నీ బుర్ర కొలత నీకు తెలుస్తుంది అంటారు ఇంకొకరు. అన్నీ నిజాలే. అన్నీ రేపటి గురించే. కుర్రవాడు 1946 జులైలో ఉన్నాడు.

నన్ను తికమక పెట్టేవి

ఈ వాదనకి అడ్డొచ్చేవి ఉన్నాయి. వాటిని దాటేసి వెళ్ళలేను.

మొదటిది, తమ్ముడో చెల్లో పోయిన పిల్లలు లోకంలో కోట్లమంది. అందరూ ఇలా అవరు. నిజమే. ఫీబీకి కూడా అల్లీ అన్నే, డి.బి.కి తమ్ముడే. ముగ్గురికీ ఒకే దెబ్బ తగిలితే ముగ్గురూ మూడు రకాలుగా తయారయ్యారు. దుఃఖం ఒక్కటే హోల్డెన్‌ని చేసిందని నేను అనడం లేదు. అతను దేని చుట్టూ తిరుగుతున్నాడో చూడకుండా అతని ప్రవర్తనకి తీర్పు చెప్పకూడదని అంటున్నాను.

రెండోది, డిగ్రీ అమ్మాయి నన్ను అడగగల ప్రశ్న. ఇదంతా తమ్ముడి దుఃఖమే అయితే, అతను సమాజం గురించి అన్న మాటలకి విలువ లేనట్టేనా? పిల్లవాడికి బాగోలేదు పాపం, అందుకే అలా అంటున్నాడు అని పక్కన పెట్టేయడం కూడా పెద్దవాళ్ళ ఎత్తే కదా? ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఎల్క్‌టన్ హిల్స్ స్కూల్లో జేమ్స్ కాసిల్ అనే కుర్రవాడు, తోటివాళ్ళు గదిలో బంధించి హింసిస్తున్నా అన్న మాట వెనక్కి తీసుకోనని కిటికీలోంచి దూకి చనిపోయాడు. చేసినవాళ్ళని స్కూల్లోంచి పంపించారంతే, జైలుకి వెళ్ళలేదు. హోల్డెన్ కోపం అక్కడ నూటికి నూరుపాళ్ళు న్యాయం. అయితే ఆ కథలో కూడా అతను మరిచిపోలేని సంగతి ఒకటుంది: దూకినప్పుడు జేమ్స్ వేసుకున్న స్వెటర్ హోల్డెన్‌ది, అడిగి తీసుకున్నది. అతనికి లోకపు అన్యాయం కనిపించింది నిజమే. అంత దగ్గరగా కనిపించడానికి, చావు ఒకసారి ఇంట్లోకి వచ్చి వెళ్ళడం కారణం అనుకుంటాను. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

మూడోది, అతనిలో నచ్చని గుణాలు చాలా ఉన్నాయి. శాలీ హేస్ అనే స్నేహితురాలితో అతను ప్రవర్తించిన తీరు క్రూరంగా ఉంటుంది. రెండు నిమిషాల క్రితం మసాచుసెట్స్ పారిపోదాం, పెళ్ళి చేసుకుందాం అన్న అమ్మాయిని ఏడిపించి, క్షమాపణ అడుగుతూ నవ్వుతాడు. దీన్ని దుఃఖం పేరు మీద మాఫీ చెయ్యను. ఈ పుస్తకాన్ని దేనికైనా అనుమతిగా తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1980 డిసెంబరులో జాన్ లెనన్‌ని కాల్చినవాడి దగ్గర ఈ నవల ఉంది. హోల్డెన్ ఆ మూడు రోజుల్లో పెద్దగా గాయపరిచింది తననే. అయినా కోపాన్ని మాత్రమే పట్టుకుని చదివితే ఆ పుస్తకం ఎటు తీసుకుపోతుందో చెప్పలేం.

నాలుగోదే నాకు గట్టిది. పాత ఇంగ్లిష్ మాస్టారు ఆంటొలీని ఇంట్లో నిద్రలేచేసరికి చీకట్లో ఆయన తన తల నిమురుతున్నాడని హోల్డెన్ భయపడి బయటికి పరిగెత్తుతాడు. ఆయన ఉద్దేశం ఏమిటో నవల తేల్చదు. హోల్డెన్ కూడా తర్వాత, తనే పొరపడ్డానేమో అనుకుంటాడు. కానీ అక్కణ్ణుంచి బయటపడ్డాక ఒక మాట అంటాడు, చిన్నప్పటి నుంచీ తనకి ఇలాంటివి ఓ ఇరవైసార్లు జరిగాయని. ఆ ఒక్క వాక్యం అన్నాక మళ్ళీ ఎక్కడా దాని ఊసెత్తడు. హోల్డెన్ పెంచి చెబుతాడు, అంకెలు నమ్మలేం. అయినా ఒక పదహారేళ్ళవాడు అలాంటి మాట అని ఊరుకుంటే, అతని భయానికి అల్లీ ఒక్కడే మూలమని నేను ఎలా చెప్పగలను? చెప్పలేను. అల్లీ గురించి అతను మళ్ళీ మళ్ళీ మాట్లాడతాడు, దీని గురించి మాట్లాడడు. మాట్లాడనిది ఇంకా లోతుగా ఉండొచ్చు. నా వాదన ఈ వాక్యం దగ్గర చిన్నదవుతుంది. ఈ నవల మీద చదివే చాలా వ్యాసాలు దీన్ని దాటేస్తాయి, అది సరైన పని కాదు.

యుద్ధం నుంచి వచ్చినవాడు

శాలింజర్ జీవితం నుంచి ఒక్క సంగతే తీసుకుంటాను. అతను నార్మండీలో దిగిన సైన్యంలో ఉన్నాడు, హుర్ట్‌గెన్ అడవి పోరు చూశాడు, 1945లో మనసు దెబ్బతిని ఆసుపత్రిలో చేరాడు. అదే ఏడాది ఎస్క్వైర్ పత్రికలో వచ్చిన అతని కథలో విన్సెంట్ కాల్‌ఫీల్డ్ అనే సైనికుడు, యుద్ధంలో గల్లంతైన తమ్ముడి కోసం లోలోపల కుమిలిపోతుంటాడు. ఆ తమ్ముడి పేరు హోల్డెన్. నవలకి చాలా ముందు, శాలింజర్ మనసులో హోల్డెన్ పోయిన తమ్ముడు. ఆరేళ్ళ తర్వాత నవలలో అతను మిగిలిపోయిన అన్నయ్యాడు. మనుషులు స్థానాలు మారారు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్న మాత్రం మారలేదు. కుర్రకారు తిరుగుబాటు గురించి రాయాలని కూర్చున్న రచయిత ఈ దారిలో వచ్చి ఉండడని నా నమ్మకం.

నవల చదువుతూ నేను ఎక్కువసేపు ఆగే చోట్లు కూడా ఈ వైపే ఉంటాయి. ఫిఫ్త్ అవెన్యూ మీద నడుస్తూ ప్రతి వీధి మలుపులోనూ తను మాయమైపోతానేమోనని భయపడి, నన్ను మాయం కానివ్వకు అని అల్లీని బతిమాలుకోవడం ఒకటి. స్మశానంలో వాన రావడం ఇంకొకటి. వానకి చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ కార్లలోకి పరిగెత్తారు, రేడియో పెట్టుకోవచ్చు, ఎక్కడికైనా భోజనానికి వెళ్ళొచ్చు. అల్లీ ఒక్కడూ అక్కడే తడుస్తూ ఉండిపోయాడు. హోల్డెన్‌కి అది భరించరానిదైంది. తర్వాత సెంట్రల్ పార్కులో ఫీబీ రంగులరాట్నం ఎక్కినప్పుడు వాన కురుస్తుంది. తల్లిదండ్రులందరూ రాట్నం పైకప్పు కిందకి పరిగెడతారు. హోల్డెన్ కదలడు, బెంచీ మీద తడుస్తూ కూర్చుంటాడు, చాలా సంతోషంగా ఉందంటాడు. ఆ సంతోషం ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఫీబీ తిరుగుతుంటే చూడటం వల్ల అని సాధారణంగా చెప్పుకుంటాం. ఈసారి వానలో వదిలేసి పరిగెత్తకుండా ఉండగలిగాడు కదా, దానికి కూడా అని నాకనిపిస్తుంది.

ఎవరు అడిగారు

ముగింపుని కొందరు కోలుకోవడంగా చదువుతారు. హోల్డెన్ కాలిఫోర్నియాలో చికిత్స తీసుకుంటున్నాడు, సెప్టెంబరులో మళ్ళీ స్కూలు. నేను దాన్ని కోలుకోవడం అనలేను. అక్కడి డాక్టరు అతన్ని అడిగేదేమిటి? ఈసారైనా మనసు పెట్టి చదువుతావా అని. స్పెన్సర్ అడిగినదే, కోటు మారింది. చేసేదాకా ఏం చేస్తానో ఎలా తెలుస్తుందంటాడు హోల్డెన్. అది తెలివితక్కువ ప్రశ్న అంటాడు, నేను ఒప్పుకుంటాను.

కానీ ఆ చివరి పేజీలోనే ఇంకొకరు కూడా అడుగుతారు, డి.బి. జరిగినదంతా గురించి నువ్వేమనుకుంటున్నావని అడుగుతాడు. ఈ డి.బి.నే హాలీవుడ్‌కి అమ్ముడుపోయాడని హోల్డెన్ మొదటి పేజీ నుంచీ తిడుతున్నాడు. అయినా దాదాపు ప్రతి వారాంతం కారు వేసుకుని తమ్ముణ్ణి చూడ్డానికి వస్తున్నది అతనే. నార్మండీ ఒడ్డున దిగి వచ్చిన మనిషి, అల్లీని తనూ పోగొట్టుకున్న మనిషి. నవలంతా వెతికితే, సలహా చేతిలో పెట్టుకోకుండా హోల్డెన్‌ని ఏదైనా అడిగినవాళ్ళు ఇద్దరే కనిపిస్తారు, నీకేది ఇష్టమని ఫీబీ, నువ్వేమనుకుంటున్నావని డి.బి. ఇద్దరూ అల్లీకి తోబుట్టువులే.

హోల్డెన్‌కి డి.బి. ప్రశ్నకి జవాబు తెలియలేదు. ఏమనుకోవాలో తెలియడం లేదనీ, తను చెప్పిన మనుషులందరూ గుర్తొస్తున్నారనీ అంటాడు. స్ట్రాడ్‌లేటర్, పక్క గది ఆక్లీ, చివరికి తనని కొట్టి డబ్బు గుంజుకున్న లిఫ్ట్ మనిషి మోరిస్ కూడా. పేర్లు చెప్పింది ఈ ముగ్గురివే. చెప్పిన మనుషులందరిలో అల్లీ కూడా ఉన్నాడు, ఆ పేరు మాత్రం ఈ పేజీలో రాలేదు. డి.బి. ఇంకో వారం వచ్చి, మళ్ళీ అడిగి, ఈసారి తమ్ముడి పేరుతోనే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో శాలింజర్ రాయలేదు. రాసి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనుకుంటాను.